సైట్‌లో 17 గంటలు, టికెట్‌లో 23:30, గడియారంలో 12. ఇందులో ఏది నిజం?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటుంది. అల్లుడు నాకూ మా ఆవిడకూ చెన్నై నుంచి దుబాయ్ మీదుగా టికెట్లు తీశాడు. జనవరి 20 తెల్లవారుజామున 4:00కు చెన్నైలో ఎక్కి 6:45కు దుబాయ్‌లో దిగుతాం. మళ్లీ 9:45కు ఎక్కి అదే రోజు సాయంత్రం 4:00కు డల్లాస్. అంటే 12 గంటలే కదా, టికెట్‌లో మాత్రం 23 గంటల 30 నిమిషాలని వేశారు. తిరుగు ప్రయాణం జూన్ 12 సాయంత్రం 7:00కు. దుబాయ్‌లో దిగేది 13 సాయంత్రం 7:00కు, రాత్రి 10:00కు ఎక్కితే చెన్నై చేరేది 14 తెల్లవారుజామున 3:25కు. ఒక్క విమానంలోనే 24 గంటలు కూర్చోవాలా? తిరుపతి నుంచి డల్లాస్‌కు ఎంత దూరమని ఫోన్‌లో వెతికితే ఒకచోట 14,830, ఇంకోచోట 9,214, మరోచోట 8,007 అని వచ్చింది. ప్రయాణం 17 గంటలని కూడా ఉంది. తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంట నుంచి ఎక్కితే దూరం తగ్గుతుందని మా బావమరిది పట్టుబడుతున్నాడు. ఇద్దరం బీపీ మాత్రలు వేసుకుంటాం, మా ఆవిడకు షుగరు కూడా ఉంది. మాత్రలు ఏ టైము ప్రకారం వేసుకోవాలో అర్థం కావడం లేదు.
– ఒక పాఠకుడు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

సమాధానం: మీరు చూసిన మూడు అంకెలూ ఒకే దూరానివి. 14,830 కిలోమీటర్లు, 9,214 మైళ్లు, 8,007 నాటికల్ మైళ్లు. మైలుకు 1.609 కి.మీ. ఓడలవాళ్లూ విమానాలవాళ్లూ వాడే నాటికల్ మైలుకు 1.852 కి.మీ. అంకె పెద్దగా వేసి, దాని కొలమానాన్ని పక్కన చిన్న అక్షరాల్లో వేయడం ఆ సైట్లకు అలవాటు. అందుకే ఈ తికమక.

అయితే ఆ దూరంతో మీకు పెద్దగా పని లేదు. అది రేణిగుంట విమానాశ్రయం నుంచి డల్లాస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయానికి భూగోళం మీద అతి దగ్గరి దారి కొలత. ఆ దారిన ఎగిరే విమానమే లేదు. మీరు ఎక్కే చెన్నై నుంచి కొలిస్తే 14,900 కి.మీ. వస్తుంది, ఆ దారినా నేరుగా పోయే సర్వీసు లేదు.

అసలు ఆ దారి ఎటు పోతుందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని ఒక కొస చెన్నై మీద, రెండో కొస డల్లాస్ మీద పెట్టి బిగించి లాగండి. దారం అరేబియా సముద్రం వైపు పోదు. తిన్నగా పైకెక్కి మధ్య ఆసియా, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి మూడు నాలుగు వందల కి.మీ. దూరంలోంచి అటు పక్కకు దిగి, కెనడా మీదుగా టెక్సాస్ చేరుతుంది. కారణం రేఖాంశాలు. చెన్నై 80 డిగ్రీల తూర్పున, డల్లాస్ 97 డిగ్రీల పడమరన ఉన్నాయి. రెండూ కలిపితే 177. అంటే డల్లాస్ మనకు దాదాపుగా భూమికి అవతలి ముఖాన ఉంది. అలాంటి చోటికి ధ్రువం పక్కగా పోవడమే దగ్గర. గోడ మీది పటంలో స్కేలు పెట్టి చెన్నై నుంచి డల్లాస్‌కు గీత గీస్తే ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా తిన్నగా కనిపిస్తుంది గానీ, నిజంగా ఆ గీత పట్టుకుని పోతే 18,000 కి.మీ. దాటుతుంది. గుండ్రటి భూమిని చదును కాగితం మీద పరిచినందుకు పడే తేడా అది. మీ విమానంలో సీటు ముందు తెర మీద పటం పెట్టుకుంటే, టెక్సాస్ పోవాల్సిన విమానం గ్రీన్‌లాండ్ వైపు పోతున్నట్టు కనిపిస్తుంది. దారి తప్పిందని మీ ఆవిడ కంగారు పడుతుందేమో అనుకుంటే ముందే చెప్పి ఉంచండి. దుబాయ్ నుంచి డల్లాస్‌కు అతి దగ్గరి దారి కూడా 67 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి దిగుతుంది.

నేరుగా విమానం ఎందుకు లేదని కొందరు అడుగుతుంటారు. ఇప్పుడు నడుస్తున్న సర్వీసుల్లో అతి పొడవైనది సింగపూర్-న్యూయార్క్. దాని దూరం సుమారు 15,300 కి.మీ., పట్టేది 18 గంటల పైమాటే. అందుకోసం ఇంధనం ఎక్కువ పట్టేలా ప్రత్యేకంగా తయారుచేసిన ఎయిర్‌బస్ ఏ350 వాడుతున్నారు. చెన్నై-డల్లాస్ దానికి 400 కి.మీ. మాత్రమే తక్కువ. అంత దూరం మోసుకెళ్లే ఇంధనమే ఒక పెద్ద బరువు. ఆ బరువుకు సరిపడా టికెట్ ధర పెట్టి రోజూ విమానం నింపేంతమంది ఒకే ఊళ్లో దొరకాలి. మధ్యలో ఒకచోట దింపి, పది ఊళ్లవాళ్లను కలిపి ఒక పెద్ద విమానంలో ఎక్కించడం కంపెనీలకు లాభం. దుబాయ్, దోహా ఎదిగింది ఈ లెక్క మీదే.

మరి దుబాయ్ మీదుగా పోతే ఎంత చుట్టు? చెన్నై-దుబాయ్ సుమారు 2,930 కి.మీ., దుబాయ్-డల్లాస్ సుమారు 12,920. కలిపితే 15,850. నేరు దారి కంటే 950 కి.మీ. ఎక్కువ, అంటే గంట ప్రయాణం. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా పోతే 7,590, 8,260 కలిపి అదే 15,850. లండన్ మీదుగా పోయినా 8,230, 7,630 కలిపి మళ్లీ 15,860. మూడు దారులూ ఎక్కడెక్కడో తిరిగినా మొత్తం దగ్గర దగ్గర ఒకటే. కాబట్టి దుబాయ్ చుట్టు, యూరప్ దగ్గర అని ఎవరైనా చెబితే కొట్టిపారేయండి. తేడా వచ్చేది మధ్యలో ఎన్ని గంటలు కూర్చోబెడతారన్న దగ్గర, రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉన్నాయా లేదా అన్న దగ్గర.

మీ బావమరిది మాటకు వద్దాం. రేణిగుంట నుంచి డల్లాస్‌కు పోవాలంటే ముందు హైదరాబాద్ లాంటి పెద్ద విమానాశ్రయానికి పోవాలి. రేణిగుంట-హైదరాబాద్ 420 కి.మీ., అక్కడి నుంచి దుబాయ్ 2,550, ఆపైన అదే 12,920. మొత్తం 15,890. దూరం తగ్గలేదు, 40 కి.మీ. పెరిగింది. అది పట్టించుకోవాల్సిన తేడా కాదు, కాలమే అసలు తేడా. గ్రీమ్స్‌పేట నుంచి రేణిగుంట విమానాశ్రయం 80 కి.మీ. పైన, చెన్నై విమానాశ్రయం సుమారు 150. రోడ్డు మీద మిగిలేది గంటన్నర. దానికోసం రేణిగుంటలో రెండు గంటల ముందు ఉండాలి, గంటం పావు విమానం, తర్వాత హైదరాబాద్‌లో నిరీక్షణ.

హైదరాబాద్ టికెట్ విడిగా కొంటే మరీ ప్రమాదం. రేణిగుంట విమానం రెండు గంటలు ఆలస్యమై మీ దుబాయ్ విమానం తప్పిపోతే, రెండో కంపెనీకి బాధ్యత లేదు. కొత్త టికెట్ మీ డబ్బుతోనే. సామాను కూడా హైదరాబాద్‌లో తీసుకుని, బయటికి వచ్చి, మళ్లీ ఇవ్వాలి. దేశంలోపలి విమానాల్లో మామూలు టికెట్‌కు 15 కేజీలే ఉచితం. అమెరికా టికెట్‌కు సాధారణంగా ఒక్కొక్కరికి 23 కేజీల పెట్టెలు రెండు. ఆ 46 కేజీలతో రేణిగుంట కౌంటర్ దగ్గర నిలబడితే మిగతా 31 కేజీలకు డబ్బు కట్టమంటారు. మొత్తం ఒకే బుకింగ్ నంబరు మీద ఉండి, పెట్టెలకు రేణిగుంటలోనే డల్లాస్ ట్యాగ్ కడతామంటే అప్పుడు ఆలోచించవచ్చు. లేదంటే మీ అల్లుడు చేసింది సరైన పని.

బెంగళూరు సంగతి కూడా అడుగుతారేమో. ఆ విమానాశ్రయం ఉన్న దేవనహళ్లి మీకు సుమారు 180 కి.మీ. పలమనేరు, ముళబాగిలు, కోలారు దారి. బెంగళూరు-దుబాయ్-డల్లాస్ మొత్తం 15,610 కి.మీ., చెన్నై కంటే 240 తక్కువ. గాల్లో మిగిలే పావుగంట రోడ్డు మీద పోతుంది. రెండు ఊళ్లలో ఎక్కడ లేఓవర్ (మధ్యలో ఆగే వ్యవధి) సరిగ్గా కుదిరితే అక్కడ తీసుకోవడమే.

ఇప్పుడు గంటల లెక్క. సైట్‌లో 17 ఎలా వచ్చిందంటే, 14,830ని గంటకు 900 కి.మీ. వేగంతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ అని అరగంట కలిపారు. గాలి లేని ఆకాశంలో, లేని విమానంలో, ఎక్కడా ఆగకుండా పోతే పట్టే కాలం అది. మీ టికెట్‌లో ఉన్నది అసలు లెక్క. చెన్నై-దుబాయ్ 4 గంటల 15 నిమిషాలు, దుబాయ్‌లో ఆగేది 3 గంటలు, దుబాయ్-డల్లాస్ 16 గంటల 15 నిమిషాలు. కూడితే 23:30.

900 వేగంతో ఎగిరే విమానానికి 12,920 కి.మీ.కు 14 గంటల 20 నిమిషాలు చాలాలి కదా, 16:15 ఎందుకు? మొదటి కారణం, టికెట్ మీది కాలం గాల్లో ఉన్న కాలం కాదు. విమానం గేటు నుంచి కదిలిన క్షణం నుంచి అవతల గేటు దగ్గర ఆగే క్షణం దాకా. రన్‌వే దాకా మెల్లగా పోవడం, వరుసలో నిలబడటం, పైకెక్కేటప్పుడూ దిగేటప్పుడూ వేగం తక్కువగా ఉండటం, ఇవన్నీ అందులోనే. విమానం చిన్న దూరం పోయేకొద్దీ ఈ భాగం పెద్దదవుతుంది. రేణిగుంట-హైదరాబాద్ 420 కి.మీ.కు గంటం పావు వేస్తారు, అంటే గంటకు 340 కి.మీ. కూడా పడదు. మీ చెన్నై-దుబాయ్‌కు 690 పడుతుంది. దుబాయ్-డల్లాస్‌కు 795.

రెండోది గాలి. 9 నుంచి 12 కి.మీ. ఎత్తున, అంటే విమానాలు తిరిగే ఎత్తులోనే, పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం ఉంటుంది. ఉష్ణమండలానికీ ధ్రువానికీ మధ్య వేడిలో ఉన్న తేడా వల్ల పుట్టి, భూమి తిరగడం వల్ల తూర్పుకు మళ్లుతుంది. చలికాలంలో ధ్రువం బాగా చల్లబడి తేడా పెరుగుతుంది కాబట్టి గాలి మరీ ఉధృతం. ప్రవాహం నడిమధ్య గంటకు 200 కి.మీ. దాటడం మామూలే. విమానం వేగం గాలిలో 900 అయితే, ఎదురుగాలి 100 ఉన్నప్పుడు నేల మీద లెక్కకు 800 అవుతుంది. మీరు పోయేది జనవరిలో, పడమరకు. ఎదురుగాలి గట్టిగా ఉండే రోజులవి. అందుకే పోయేటప్పుడు ఆ ప్రవాహాన్ని తప్పించుకోవడానికి మరింత ఉత్తరానికి ఎక్కుతారు. వచ్చేటప్పుడు అదే ప్రవాహాన్ని వెతుక్కుంటూ దక్షిణంగా, అట్లాంటిక్, యూరప్‌ల మీదుగా వస్తారు. ఏ రోజు ఏ దారో ఆ రోజు గాలిని చూసి నిర్ణయిస్తారు కాబట్టి, పక్కింటివాళ్ల విమానం పోయిన దారే మీదీ పోదు. వచ్చేటప్పుడు అదే 12,920 కి.మీ.కు మీ టికెట్‌లో 15 గంటలే ఉంది, అంటే గంటకు 860. దుబాయ్-చెన్నైకి కూడా 20 నిమిషాలు తగ్గి 3:55 అయింది. సీటు ముందు తెరలో నేల మీది వేగం కనిపిస్తుంది. పోయేటప్పుడు 800కు అటూ ఇటూ, వచ్చేటప్పుడు ఒక్కోసారి 1,000 దాటి చూస్తారు.

ఈ అంకెలు పెట్టుకుంటే ఎవరి ప్రయాణమైనా మీరే అంచనా వేయగలరు. పది వేల కి.మీ. దాటిన దూరాన్ని పడమరకు పోతుంటే 800తో, తూర్పుకు వస్తుంటే 860తో భాగించండి. మూడు వేల కి.మీ. ప్రాంతంలో 700. దేశంలోపలి చిన్న విమానాలకు భాగహారం వదిలేసి గంటం పావు వేసుకోండి.

గగనతలం మూతపడితే మాత్రం ఈ అంచనాలు తప్పుతాయి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా ఆకాశం యూరప్, అమెరికా కంపెనీలకు మూతపడి, వాటి దారులు పొడవయ్యాయి. 2025 ఏప్రిల్ నుంచి పాకిస్థాన్ ఆకాశం భారత కంపెనీలకు మూతపడి, ఢిల్లీ నుంచి పడమరకు పోయేవాటికి చుట్టు పెరిగింది. చెన్నై నుంచి అరేబియా సముద్రం మీదుగా పోయే మీ దారికి ఆ బెడద లేదు గానీ, గల్ఫ్‌లో గొడవ లేస్తే ఉంటుంది. 2025 జూన్ 23న ఖతార్ కొన్ని గంటలపాటు తన ఆకాశాన్ని మూసేస్తే దోహా మీదుగా పోయేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలిచిపోయారు. బయల్దేరే ముందురోజు ఉదయం, మళ్లీ సాయంత్రం, కంపెనీ యాప్‌లో విమానం స్థితి చూసుకోండి. టికెట్‌లో అల్లుడి ఫోన్ నంబరుతోపాటు మీ నంబరు కూడా ఎక్కించమనండి. మార్పు కబురు అమెరికాలో అర్ధరాత్రి నిద్రపోతున్న ఫోన్‌కు పోతే మీకు తెలిసేటప్పటికి ఆలస్యమవుతుంది.

12 గంటల మాయ విప్పుదాం. టికెట్ మీద ప్రతి సమయమూ ఆ ఊరి గడియారం ప్రకారమే. చెన్నై 4:00 మన సమయం, డల్లాస్ 4:00 వాళ్ల సమయం. జనవరిలో డల్లాస్ మనకంటే 11 గంటల 30 నిమిషాలు వెనక ఉంటుంది. గడియారం చూపిన 12కు ఆ 11:30 కలిపితే 23:30, సరిగ్గా టికెట్‌లో ఉన్నదే. పడమరకు పోతే కలపాలి, తూర్పుకు వస్తే తీసేయాలి.

జూన్‌లో అక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కు. మనమూ దుబాయ్‌వాళ్లూ జరపం. కాబట్టి జూన్‌లో మనకూ డల్లాస్‌కూ తేడా 10:30, దుబాయ్‌కూ డల్లాస్‌కూ 9. మీ తిరుగు విమానం 12 సాయంత్రం 7 నుంచి 13 సాయంత్రం 7 దాకా గడియారంలో 24 గంటలు, అందులో 9 తీసేస్తే 15. అంతసేపే కూర్చోవాలి. మొత్తం ప్రయాణం చూస్తే 12 సాయంత్రం 7:00 నుంచి 14 తెల్లవారుజాము 3:25 దాకా 32 గంటల 25 నిమిషాలు, 10:30 తీస్తే 21:55. రెండు రోజులు ఎక్కడికీ పోలేదు.

ఈ గంట జరపడం వల్లనే ఇంకో జాగ్రత్త. విమాన కంపెనీల వేసవి టైంటేబుల్ మార్చి చివరి ఆదివారం నుంచి మొదలవుతుంది. జనవరిలో చేతిలో ఉన్న జూన్ టికెట్‌లో సమయం అరగంటో గంటో మారవచ్చు. ఏప్రిల్ మొదటి వారంలో ఒకసారి బుకింగ్ తెరిచి చూడండి. దుబాయ్‌లో మూడు గంటలున్న వ్యవధి గంటన్నరకు తగ్గిపోయి ఉంటే, కంపెనీకి ఫోన్ చేసి ఆ తర్వాతి విమానానికి మార్పించుకోండి. మార్పు వాళ్లు చేసినప్పుడు సాధారణంగా అదనంగా డబ్బు అడగరు.

అమ్మాయితో మాట్లాడటానికి చిన్న కిటుకు. మన సమయంలో ఉదయాన్ని సాయంత్రంగా, సాయంత్రాన్ని ఉదయంగా మార్చి, చలికాలంలో అరగంట, ఎండాకాలంలో గంటన్నర కలపండి. మనకు ఉదయం 8 అయితే డల్లాస్‌లో జనవరిలో ముందురోజు రాత్రి 8:30, జూన్‌లో 9:30.

మాత్రల విషయంలో టికెట్‌ను భారత సమయంలోకి మార్చి ఒక కాగితం మీద రాసుకోవడం ఉత్తమం. జనవరి 20 తెల్లవారుజాము 4:00 చెన్నైలో బయల్దేరుతారు. 8:15 దుబాయ్‌లో దిగుతారు. 11:15 మళ్లీ ఎక్కుతారు. 21 తెల్లవారుజాము 3:30 డల్లాస్‌లో దిగుతారు. చూడండి, ఇందులో ఒక పగలూ ఒక రాత్రీ మాత్రమే ఉన్నాయి. ఫోన్ దానంతటది ఊరి సమయానికి మారిపోతుంది, అందుకని చేతి గడియారాన్ని మాత్రం డల్లాస్‌లో దిగేదాకా ముట్టుకోకండి. ఉదయం 8కి వేసుకునే బీపీ మాత్రను గడియారంలో 8:15కు, దుబాయ్‌లో దిగగానే వేసుకోవచ్చు. అది డల్లాస్‌లో రాత్రి 8:45 అవుతుంది. అక్కడికి పోయాక రాత్రిపూటే కొనసాగించాలా, మెల్లగా ఉదయానికి జరపాలా అన్నది మాత్రను బట్టి ఉంటుంది. ఆ కాగితం మీ డాక్టరుకు చూపించి రాయించుకోండి. షుగరుకు ఇది మరీ ముఖ్యం. మాత్రకూ తిండికీ ముడి ఉంటుంది, విమానంలో తిండి మన వేళకు రాదు. పెద్ద విమానంలో మొదటి భోజనం ఎగిరిన గంట, గంటన్నరకు, రెండోది దిగడానికి రెండు గంటల ముందు పెడతారు. మధ్యలో పది పన్నెండు గంటల ఖాళీ. తిండి వస్తుందనుకుని మాత్ర ముందే వేసుకోవడం, తీరా వేళకు తిండి రాకపోవడం, షుగరు పడిపోవడం, ఇదే తరచు జరిగే తప్పు. ట్రే చేతికి వచ్చాకే వేసుకోండి. ఇన్సులిన్ అయితే మోతాదు మార్పు డాక్టరే చెప్పాలి.

మాత్రలన్నీ చేతి సంచిలోనే, వాటి స్ట్రిప్పులతో, ప్రిస్క్రిప్షన్‌తో సహా ఉండాలి. పెట్టెలో వేస్తే అది ఒక రోజు ఆలస్యంగా రావచ్చు. బిస్కెట్లు, వేయించిన శనగలు లాంటివి దగ్గర పెట్టుకోండి. పళ్లు మాత్రం విమానంలోనే తినేసి దిగండి. అమెరికా కస్టమ్స్‌లో ఒక్క జామకాయ దొరికినా నిలబెట్టి సంచులన్నీ విప్పిస్తారు, ఒక్కోసారి జరిమానా కూడా పడుతుంది. శాకాహారం కావాలంటే కనీసం 24 గంటల ముందు టికెట్‌లో ఏవీఎంఎల్ అన్న కోడ్ పెట్టించాలి, షుగరు భోజనానికి డీబీఎంఎల్. 16 గంటలు కాళ్లు వేలాడేసి కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. రెండు గంటలకోసారి లేచి వెనకదాకా నడిచి రండి, కూర్చున్నప్పుడు మడమలు ఎత్తి దించండి. నీళ్లు తాగితే లేవాల్సి వస్తుందని మానేయకండి, నడవా పక్క సీటు అడగండి. చక్రాల కుర్చీ కావాలంటే 48 గంటల ముందే టికెట్‌లో రాయించండి. దుబాయ్‌లో ఒక గేటు నుంచి ఇంకో గేటుకు నడక చాలా ఉంటుంది.

దుబాయ్‌లో మూడు గంటలు మీకు సరైన వ్యవధి. రెండు గంటలకు తగ్గితే ఆలస్యాన్ని తట్టుకోలేదు, ఆరు దాటితే పెద్దవాళ్లకు అలసట. చికాగో, న్యూయార్క్ లాంటి చోట దిగి మళ్లీ డల్లాస్‌కు పోయే టికెట్ మీ బంధువులెవరైనా తీస్తుంటే, అక్కడ మాత్రం మూడు గంటలకు తగ్గకూడదు. అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమ్మిగ్రేషన్ ముగించి, పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ ఇవ్వాలి.

ఇంటి నుంచి ఇంటికి చూస్తే, చెన్నై విమానాశ్రయంలో మూడున్నర గంటల ముందు, అంటే రాత్రి 12:30కల్లా ఉండాలి. కౌంటర్లు విమానానికి గంట, గంటన్నర ముందే మూసేస్తారు. చిత్తూరు నుంచి రాణిపేట, కాంచీపురం, శ్రీపెరంబుదూరు దారిన మూడు మూడున్నర గంటలు. శ్రీపెరంబుదూరు దాటాక రాత్రిపూట లారీలతో నెమ్మదిస్తుంది, కాబట్టి 8 గంటలకు కదలండి. ట్యాక్సీకి తమిళనాడు పర్మిట్ ఉందో లేదో ముందురోజే అడగండి. డల్లాస్‌లో ఇమ్మిగ్రేషన్, పెట్టెలు కలిపి గంటన్నర, ఫ్రిస్కోకు ముప్పావుగంట, సాయంత్రం రద్దీ ఉంటే ఇంకొంచెం. అమ్మాయిని 4:00కు కాదు, 5:00 దాటాక రమ్మనండి. ఇంటికి చేరేటప్పటికి వాళ్లకు సాయంత్రం 6:30, మీ చేతి గడియారంలో మర్నాడు ఉదయం 6:00. మొత్తం 34 గంటలు.

ఇక తేదీ. 20 తెల్లవారుజామున 4:00 విమానం అంటే మీరు ఇల్లు వదిలేది 19 రాత్రి. టికెట్ మీద 20 అని చూసి 20 రాత్రి పెట్టెలు సర్దుకుని వచ్చేవాళ్లు ప్రతి విమానాశ్రయంలోనూ కనిపిస్తారు, విమానం అప్పటికే పోయి ఉంటుంది. వచ్చేటప్పుడు డ్రైవరుకు 14 అని చెప్పకండి. అతను 14 పగలంతా చూసి ఆ రాత్రికి బయల్దేరతాడు. "13 రాత్రి 12 గంటలకు చిత్తూరులో బయల్దేరి, తెల్లవారి 4కల్లా చెన్నై విమానాశ్రయం బయట ఉండాలి" అని చెప్పి, మాట చాలనుకోకుండా మెసేజ్ కూడా పెట్టండి.